ఆఖరి బండి చప్పుడు

గజేందర్ కుడిచేతికి ఒక జబ్బుంది. మనిషి నిద్రపోగానే అది మేలుకుంటుంది. తనంతట తానే స్టీరింగ్ కిందికి పోయి, తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఒళ్ళోకి వచ్చి పడుకుంటుంది. లేచి చూసేసరికి బండి గుర్రుమంటూ ఉంటుంది. ఈ సంగతి చెబితే కంపెనీలో నమ్మినవాడు ఒక్కడూ లేడు. నమ్మకపోవడమే న్యాయం. తప్పు చేసి చేతి మీదికి నెట్టేవాణ్ణి ఎవరు నమ్ముతారు?

జబ్బు ఊరికే రాలేదు. ఎనిమిదేళ్ళుగా ఖతర్‌లో టిప్పర్ నడుపుతున్నాడు. రేవు దగ్గర ఎదురుచూపు, గేటు దగ్గర ఎదురుచూపు, కాంటా దగ్గర ఎదురుచూపు. బండిని నడిపే గంటల కంటే నిలబెట్టే గంటలే ఎక్కువ. నిలబడినంతసేపూ ఏసీ కోసం ఇంజన్ నడుస్తూనే ఉండేది. ఆ గురగురలోనే తిన్నాడు, ఆ గురగురలోనే కునుకు తీశాడు. ఊయల ఆగితే పసిపిల్ల లేచి కూర్చున్నట్టు, ఇంజన్ ఆగితే గజేందర్‌కు మెలకువ వచ్చేది. మెలకువ రాకుండా చెయ్యే ఆ పని చూసుకోవడం నేర్చుకుంది.

అలాంటివాడి నెత్తిన ఈ జనవరిలో కొత్త రూలు వచ్చి పడింది. మెసయీద్ దాటాక, రోడ్డు ఇసుక దిబ్బల మధ్యకు చొరబడే చోట వాళ్ళ కంపెనీకి కంకర యార్డు ఉంది. ఓడల్లో వచ్చిన నల్లకంకరను రేవు నుంచి టిప్పర్లు అక్కడికి చేరవేస్తాయి. యార్డు గేటులో కాంటా. కాంటా ముందు బండ్ల వరస. ఇక మీదట ఆ వరసలో నిలబడిన బండి ఏదైనా సరే, ఐదు నిమిషాలు దాటి ఇంజన్ నడిపితే మొఖాలఫా రాస్తామన్నారు. మొఖాలఫా అంటే అరబ్బీలో తప్పు కాగితం. అది ఒకటి పడితే హెచ్చరిక, రెండు పడితే గట్టి హెచ్చరిక. మూడోది పడితే గేట్ పాస్ కట్, బండి తాళం ఇంకొకడి చేతికి.

డ్రైవర్లు చాలా గొణిగారు. సిమెంటు మిక్సర్లకు ఈ రూలు లేదు, వాటి డ్రమ్ము ఆగితే లోపల గడ్డకడుతుందట. చేపలు, మాంసం తెచ్చే చల్లబండ్లకూ లేదు, సరుకు కుళ్ళుతుందట. "గడ్డకట్టేదానికి లేదు, కుళ్ళేదానికి లేదు. మనకే ఉన్నది. మనం గట్టి సరుకన్నట్టు," అన్నాడు తిరుమల్, గజేందర్‌కు వరసలో ఎప్పుడూ ముందుండే బండి వాడు. కంపెనీ మరీ పాపాత్మురాలు కాదు. పొగ తగ్గాలి, డీజిల్ మిగలాలి, మనుషులు ఎండకు మాడకూడదని గేటు పక్కనే ఏసీ పెట్టిన గది ఒకటి కట్టించింది. బండి ఆపి అందులోకి పోయి కూర్చోమంది. మంచి రూలే. మంచి రూళ్ళతో వచ్చిన చిక్కేమిటంటే, వాటిని తిట్టడానికి కూడా వీలుండదు.

రూలు మొదలైన రోజున ముప్పై బండ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. అందరి చెవుల్లోనూ జోరీగలు తిరిగినట్టయింది. ఎవరో చనిపోయిన ఇంట్లోకి వచ్చినట్టు డ్రైవర్లు గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. నెల తిరిగేసరికి అందరూ అలవాటుపడ్డారు, ఒక్క గజేందర్ చెయ్యి తప్ప. జనవరిలోనే మొదటి కాగితం, మార్చిలో రెండోది. రెండుసార్లూ నిద్రలోనే.

మూడోది పడితే ఏమవుతుందో గజేందర్‌కు బాగా తెలుసు. టిప్పర్ ఎక్కక ముందు ఏడేళ్ళు అతను సెంట్రింగ్ హెల్పరు. మెట్‌పల్లి పక్క పల్లె నుంచి వచ్చి, చెక్కలు మోసి, ఇనుప గొట్టాలు మోసి, నడుము వంగిపోయేదాకా మోశాడు. హెవీ లైసెన్సు పరీక్షలో మూడుసార్లు తప్పి నాలుగోసారి గట్టెక్కాడు. ఆ సాయంత్రం ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఆ కార్డు పన్నెండు మంది చేతులు మారింది. ఒకడైతే వాసన కూడా చూశాడు. బండి పోతే మళ్ళీ అదే క్యాంపు, అవే చెక్కలు, నలభై నాలుగేళ్ళ నడుముతో. ఇంట్లో సుమలతకు రెండు కాగితాల సంగతి చెప్పలేదు. మూడోది పడితే చెప్పకుండా ఉండలేడు.

ఆ కాగితాలు రాసే మనిషి పేరు ఇక్రాముద్దీన్. ఊరు బోధన్. ఇరవై ఏళ్ళు గ్యారేజీలో మెకానిక్‌గా చేసి, మోకాళ్ళు అరిగాక చెకర్ పనిలోకి మారాడు. ఆయనవి పాముచెవులు. బానెట్ ఎత్తకుండానే ఇంజన్ రోగం చెప్పేవాడు. మూడో సిలిండరు దగ్గుతోందంటే, విప్పి చూస్తే మూడో సిలిండరే. కాంటా దగ్గర కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చుని, వరసలో ఎన్నో బండి నడుస్తోందో చెప్పగలడు. ఈ విద్య మీద ఆయనకు కొంచెం గర్వముంది. గర్వమంటే ఊరికే కాదు, ఒక్కసారి కూడా తప్పలేదు మరి. బోధన్ నుంచే వచ్చిన చిన్ననాటి దోస్తుకు కూడా కాగితం రాసి చేతిలో పెట్టిన మనిషి.

ఏప్రిల్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం గజేందర్ కంకర లోడుతో వచ్చి వరసలో నిలబడ్డాడు. గేటులోకి ఐదేసి బండ్ల జట్టును పిలుస్తారు. ముందు జట్టు అప్పుడే లోపలికి పోయింది. రెండో జట్టులో ఇతనిది ఐదో బండి, ఆఖరిది. అక్కడి నుంచి ఇసుక దిబ్బ రాయి విసిరితే అందేంత దూరం. ఏసీ గది మాత్రం దూరం. దూరమని కాదు, అక్కడికి పోతే తిరుమల్ ఎగతాళి పడాలి.

"చేతికి తాడు గట్టుకోరాదుర, బర్రెకు గట్టినట్టు," అన్నాడు తిరుమల్, గది వైపు నడుస్తూ.

ఎగతాళికే అన్నాడు గాని గజేందర్ అదే పని చేశాడు. ఇంజన్ ఆపాడు. వరసలో ఉన్నంతసేపూ తాళం బండికే ఉండాలని ఇంకో రూలు. అందుకని తాళాన్ని అలాగే ఉంచి, భుజం మీది తువాలుతో కుడిచేతి మణికట్టును తలుపు పిడికి కట్టేసుకున్నాడు. బూట్లు విప్పాడు. అద్దాలు దించాడు. వాయవ్యం గాలి పొడిగా, వేడిగా కొడుతోంది. దిబ్బ కొన మీద ఇసుక సన్నగా లేస్తోంది. దాన్ని చూస్తూ చూస్తూ కళ్ళు మూశాడు.

నిద్రలో చెవికి గురగుర వినిపించింది. ఎంత హాయి. దూరంగా, లోతుగా, ఒకే శ్రుతిలో. ఊళ్ళో త్రీఫేజు కరెంటు రాగానే చేన్ల మీద బోరు మోటార్లన్నీ మొదలయ్యే చప్పుడది. అది వింటే ఇక నీళ్ళు పారతాయి, ఇక నిద్రపోవచ్చు. గజేందర్ నిద్రలోనే నవ్వుకున్నాడు.

తలుపు మీద దబదబా బాదుడుకు లేచాడు. కింద ఇక్రాముద్దీన్, చేతిలో కాగితాల పుస్తకం.

"దిగు," అన్నాడాయన.

"ఏమైంది భాయ్?"

"ఏమైందా? కాంటా కాడికి వినవడ్డది నీ ఇంజన్. ఐదు నిమిషాలు దాటి, నేను ఇంత దూరం నడిచి వచ్చేదాంక నడిచింది. వచ్చినంక బంద్ జేసినవ్."

గజేందర్ తన చేతి వైపు చూశాడు. తువాలు ముడి ఊడి ఒళ్ళో పడి ఉంది. చెయ్యి, దొంగకు తేలు కుట్టినట్టు, చప్పుడు చెయ్యకుండా తొడ మీద పడి ఉంది. తాళం బండికే ఉంది. ఇంజన్ నడవడం లేదు. మరి ఆ గురగుర? అతను కూడా విన్నాడు కదా. నిద్రలో విని సంతోషించాడు కదా. తాను తిప్పలేదని ప్రమాణం చేయబోయి ఆగిపోయాడు. తెలియనిదాని మీద ఒట్టెట్లా వేస్తాడు?

"భాయ్, నేను బంద్ జేసే పన్న. చెయ్యి గూడ గట్టేసుకున్న."

"కట్టుకున్నోడే విప్పుకుంటడు."

"బానెట్ మీద చెయ్యి పెట్టి సూడు."

"లోడు బండి, పైంగ ఎండ. పొయ్యి లెక్కనే ఉంటది. దాంతోని ఏం తెలుస్తది?" ఇక్రాముద్దీన్ పుస్తకాన్ని బండి రేకు మీద పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. బండి నంబరు, టైము, డ్రైవరు పేరు. రాస్తున్నంతసేపూ ఆయన ముఖంలో సంతోషం లేదు, ఆ మాట చెప్పుకోవాలి. "నాకు మాత్రం ఖుషీనా గజేందర్? మూడోదని తెలుసు. కానీ నేను విన్న. విననట్టు ఎట్ల ఉండాలె?"

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఇక్కడ పిల్లి కూడా బాధపడుతోంది. అయినా ఎలుకకు ఒరిగేదేముంది? ఆయన పుస్తకం మూసుకుని గేటు వైపు నడిచాడు. గజేందర్ వట్టికాళ్ళతో ఇసుకలో నిలబడిపోయాడు. బండికి ఆనుకుందామంటే రేకు కాలింది.

అప్పుడు గాలి మళ్ళీ ఒక్కసారి విసిరింది. అరికాళ్ళలో ఏదో తెలిసింది. మొదట తన కాళ్ళే వణుకుతున్నాయనుకున్నాడు. వణకడానికి కారణం కూడా ఉంది మరి. కాళ్ళు బిగించి చూశాడు. కాళ్ళు కాదు. తన బండి ఆగి ఉంది, ముందున్న నాలుగు బండ్లూ ఆగి ఉన్నాయి, కాళ్ళ కింద నేల మాత్రం నడుస్తోంది. చెవికి అందీ అందకుండా అదే గురగుర. అటువైపు ఒక్క బండి లేదు, మనిషి లేడు. దిబ్బ ఒక్కటే ఉంది.

నాలుగు అడుగులు దిబ్బ వైపు వేశాడు. వణుకు పెరిగింది. గాలి ఆగింది, వణుకూ ఆగింది.

గజేందర్ వెనక్కి తిరిగి పరుగెత్తాడు. ఇక్రాముద్దీన్‌ను ఏసీ గది దగ్గర అందుకున్నాడు.

"భాయ్, గా కాయితం పుస్తకంలకెల్లి చింపి ఆఫీసుకు పంపకు. ఆ చప్పుడు నా బండిది గాదు. దిబ్బది."

ఇక్రాముద్దీన్ అతని ముఖంలోకి తేరిపార చూశాడు. "ఎండ దెబ్బ తాకిందా? లోపట కూసో, నీళ్ళు తాగు."

"నిజం భాయ్. కాళ్ళకు తెలిసింది."

"ఇసుకకు ఇంజన్ ఉంటదా?"

"నాకేం ఎరుక? నువ్వు అచ్చి ఇను."

ఇద్దరూ నిలబడి విన్నారు. ఏమీ లేదు. గది గుమ్మంలోకి తిరుమల్ వచ్చాడు, అతని వెనక ఇంకో ముగ్గురు. ఎవరో కిసుక్కుమన్నారు. గజేందర్‌కు ముఖం చెల్లలేదు. అయినా కదల్లేదు.

ఇక్రాముద్దీన్ గడియారం చూసుకున్నాడు. "నీ జట్టును పిలవడానికి ఇంక అర్ధగంట ఉంది. అప్పటిదాంక ఈ కాయితం పుస్తకంలనే ఉంటది. హారన్ కొడితే మాత్రం నువ్వు బండిల ఉండాలె. లేకుంటే దానికి ఇంకొకటి రాయాల్సొస్తది. ఆనంక నన్ను అనకు."

అంతమాత్రం దయ చాలు. గజేందర్ బూట్లు కూడా వేసుకోకుండా దిబ్బ వైపు కదిలాడు. వాళ్ళ వైపున్న ముఖం నిటారుగా ఉంది, దాన్ని ఎక్కడం మనిషి తరం కాదు. చుట్టూ తిరిగి గాలివాటు వైపు నుంచి, వీపులా వాలుగా ఉన్న చోట ఎక్కాడు. రెండడుగులు ఎక్కితే ఒకటి జారేది. ఎనిమిదేళ్ళుగా రోజుకు ఆరుసార్లు ఈ దిబ్బ పక్క నుంచి పోయాడు. ఒక్కసారి కూడా దీని మీద కాలు పెట్టలేదు. దీన్ని చూసినట్టు కూడా గుర్తులేదు. రోడ్డుకు అడ్డం రాని దాన్ని డ్రైవరు ఎందుకు చూస్తాడు?

కొన మీదికి చేరేసరికి ఊపిరి అందడం లేదు. నాలుగంతస్తుల మేడ ఎత్తు. ఒక పక్క దిబ్బ వెనక దిబ్బ, వాటి వెనక ఇంకో దిబ్బ, దూరంగా సముద్రం తెల్లటి గీత. ఇంకో పక్క తన బండి, అగ్గిపెట్టెంత. ఇంకా చిన్నగా, పుస్తకం చంకలో పెట్టుకుని ఇక్రాముద్దీన్. తిరుమల్ వాళ్ళు కూడా గది వదిలి బండ్ల దగ్గరికి వచ్చారు.

గజేందర్ కాలితో నేలను తన్నాడు. ఏమీ లేదు. రెండు కాళ్ళతో ఎగిరి దూకాడు. ఏమీ లేదు. కొన పొడుగునా నడిచాడు, కూర్చుని చేతులతో చరిచాడు, చెవి పెట్టి విన్నాడు. చెవిలో ఇసుక పడింది గాని చప్పుడు లేదు.

"ఏందిరో, దిబ్బ మీద చేను దున్నుతున్నవా?" కింది నుంచి తిరుమల్ కేక వేశాడు. కేకలో ఎగతాళి తక్కువ, భయం ఎక్కువ. "ఇగ దిగు. హారన్ కొడ్తరు."

పావుగంట గడిచింది. గజేందర్ కొన మీద కూర్చుండిపోయాడు. నోట్లో ఇసుక, కళ్ళలో ఇసుక. తన మతి తప్పిందేమోనని నిజంగానే అనిపించింది. చెయ్యి ఇంజన్ స్టార్ట్ చేసింది, చెవి విన్నది, కాళ్ళు భయంతో వణికాయి. అంతే అయ్యుంటుంది. దానికి దిబ్బ మీదికెక్కి పది మందిలో నవ్వులపాలయ్యాడు. ఇక మిగిలింది సుమలతకు ఫోను చేయడమే. ఆ ఫోనులో మొదటి మాట ఏమి మాట్లాడాలో తోచలేదు.

చుట్టూ తిరిగి దిగే ఓపిక లేదు. కాళ్ళు చాపి, నిటారుగా ఉన్న ముఖం మీద పిర్రలతోనే జారడం మొదలుపెట్టాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, పెళ్ళీడు కూతురున్న మనిషి, బడి పిల్లల జారుడుబల్ల మీద జారినట్టు.

రెండు బారలు జారాడో లేదో, అతనితోపాటు ఇసుకా కదిలింది. ఇక్కడ కొంత అక్కడ కొంత కాదు. పక్కనున్నది, వెనకనున్నది, ఇంటి కప్పంత వెడల్పున ఒక పొర మొత్తం కిందికి పారింది. అప్పుడు దిబ్బ నోరు విప్పింది.

మొదట అది చప్పుడులా రాలేదు. పిర్రల కింద నుంచి వెన్నులోకి, వెన్నులో నుంచి పక్కటెముకల్లోకి ఎక్కింది. పళ్ళు ఒకదానికొకటి తగిలి టకటకలాడాయి. తర్వాత చెవులకు తెలిసింది. నూరు బోరు మోటార్లు, వెయ్యి బోరు మోటార్లు, మండలంలో ఉన్నవన్నీ ఒక్కసారి మొదలైనట్టు ఒకటే శ్రుతి. అది ముందు నుంచి రావడం లేదు, వెనక నుంచి రావడం లేదు. అతను దాని లోపల ఉన్నాడు. చేతులు ఇసుకలో గుచ్చితే చేతులు మోగాయి. నోరు తెరిస్తే నోట్లో మోగింది. భయమేసింది. భయం వెంటనే ఇంకేదో అయింది, దానికి అతని దగ్గర పేరు లేదు. "ఎములాడ రాజన్నా," అని తన దేవుణ్ణి పిలిచాడు. తన మాట తనకే వినపడలేదు.

ఇసుక పారుతూనే ఉంది, దిబ్బ మోగుతూనే ఉంది. గజేందర్ జారడం మానేసి అలాగే వెల్లకిలా పడుకున్నాడు. ఆకాశం కూడా కొంచెం వణుకుతున్నట్టుంది. ఇంత పెద్దది, ఏ ఇంజనూ లేకుండా, ఏ డీజిలూ లేకుండా, ఎవరూ తాళం తిప్పకుండా. బండి పోతుందన్న సంగతి కూడా ఆ కాసేపు అతనికి గుర్తులేదు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఏడుపు కాదు, నీళ్ళు.

పొర అడుక్కు చేరి ఆగింది. ఆగాక కూడా చప్పుడు మరో నాలుగు క్షణాలు నడిచి, సన్నబడి, ఇసుకలోకే ఇంకిపోయింది.

లేచి చూస్తే కింద ఎవరూ నవ్వడం లేదు. తిరుమల్ చేతులు రెండూ తల మీద పెట్టుకుని నిలబడ్డాడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు బండి చక్రాల వెనక్కి నక్కారు. ఇక్రాముద్దీన్ ఉన్నచోటనే మోకాళ్ళ మీద కూలబడి ఉన్నాడు. ఆయన పుస్తకం ఇసుకలో పడి ఉంది, గాలికి కాగితాలు తిరుగుతున్నాయి.

"సుభానల్లా," అన్నాడాయన మెల్లగా. మళ్ళీ అన్నాడు.

గజేందర్ దిగి ఆయన దగ్గరికి వచ్చాడు. ఒళ్ళంతా ఇసుక. నేను చెప్పలేదా అని అడుగుదామనుకున్నవాడు అడగలేదు. అంతటి దాని ముందు ఆ మాట మరీ చిన్నది.

"ఇదే నేను విన్నది," అన్నాడు ఇక్రాముద్దీన్. "కాంటా కాడ విన్నది ఇదే. ఆరు సిలిండర్ల ఇంజన్ అనుకున్న." దేక్కుంటూ దిబ్బ అడుగుకు పోయి, చెంప ఇసుకకు ఆనించి పడుకున్నాడు. గ్యారేజీలో ఇరవై ఏళ్ళు అలాగే ఇంజన్ల కింద పడుకుని విన్న మనిషి. కళ్ళు మూసుకుని, చెయ్యి ఎత్తి గజేందర్‌ను పిలిచాడు. "మళ్ళ ఎక్కు. మళ్ళొకసారి జారు."

గజేందర్ మళ్ళీ ఎక్కాడు. ఈసారి తిరుమల్ కూడా వెంట ఎక్కాడు, భయపడుతూనే మిగతా ముగ్గురూ ఎక్కారు. ఐదుగురూ కొన మీద వరసగా కూర్చుని ఒక్కసారిగా జారారు. దిబ్బ ముఖమంతా పగిలి కిందికి వచ్చింది. ఈసారి మోత ఎంతంటే, గేటు దగ్గర కాంటా మనిషి గదిలో నుంచి బయటికి వచ్చి ఆకాశంలో విమానం కోసం వెతికాడు. కింద ఇక్రాముద్దీన్ చెంప ఇసుక మీద నుంచి తియ్యలేదు. పారిన ఇసుక ఆయన మోచేతుల దాకా వచ్చి ఆగింది.

తిరుమలే ముందు నోరు విప్పాడు. "కొత్తగ మొదలైందా ఇది?"

"ఇసుక కొత్తగెట్లయితది?" అన్నాడు ఇక్రాముద్దీన్, కళ్ళు తెరవకుండానే.

"మరి ఇన్నేండ్ల సంది ఒక్కనాడన్న ఇనలేదేంది?"

గజేందర్ వరస వైపు చూశాడు. ఐదు బండ్లు, ఐదూ ఆగి ఉన్నాయి. "జనవరి దాంక ఎప్పుడన్న బంద్ జేసినమా మనం? బంద్ జేసినంక ఏసీ గదిల కూసుంటిమి," అన్నాడు.

ఎనిమిదేళ్ళు. రోజుకు ఆరు ట్రిప్పులు. ఎన్ని వేల గంటలు ఈ దిబ్బ పక్కన నిలబడ్డాడో లెక్కలేదు. అన్ని గంటలూ అది మోగి ఉంటుంది, గాలి వీచినప్పుడల్లా. ముప్పై బండ్లు దాని పక్కన గుర్రుమంటూ, ఏసీలు పెట్టుకుని, అద్దాలు బిగించుకుని. ఆ రూలు రాసిన మనిషి ఏ దోహా ఆఫీసులో కూర్చున్నాడో, డీజిల్ గురించి రాశాడు పాపం. తానేం రాశాడో ఆయనకు తెలియదు.

గేటు దగ్గర హారన్ మోగింది. వాళ్ళ జట్టు వంతు. తిరుమల్, మిగతా ముగ్గురూ ఇసుక దులుపుకుంటూ బండ్ల వైపు పరుగెత్తారు. గజేందర్ మాత్రం ఆగాడు. ఇక్రాముద్దీన్ లేచి పుస్తకం వెతుక్కుని, ఇసుక దులిపి, ఆ పేజీ తీశాడు. రాసిన కాగితానికి నంబరుంది. ఊరికే చించి పారెయ్యడానికి వీల్లేదు. కొట్టెయ్యాలంటే కింద కారణం రాసి చెకర్ సంతకం పెట్టాలి. ఆ కొట్టివేతలు కూడా ఆఫీసులో ఒకడు చూస్తూనే ఉంటాడు. మూడు పొరపాట్లు చేసిన చెకర్‌కు కూడా గేట్ పాస్ ఉండదు. గజేందర్‌కు ఈ సంగతి తెలుసు. ఈయన పేరు మీద ఇప్పటిదాకా ఒక్కటి కూడా లేదనీ తెలుసు.

"భాయ్, దిబ్బ మోగిందని రాయి. నీ మీదికి రాదు. మేం ఐదుగురం సాక్ష్యం చెప్తం."

ఇక్రాముద్దీన్ పెన్ను పట్టుకుని దిబ్బ వైపు చూశాడు. కొన మీద మళ్ళీ సన్నగా ఇసుక లేస్తోంది.

"దాని మీద ఫిర్యాదు రాయనీకె నేనెవ్వణ్ణి?" అన్నాడు.

కారణం రాసే చోట, వంకర టింకర ఇంగ్లీషు అక్షరాల్లో, చెకర్ తప్పు విన్నాడు అని రాశాడు. కింద సంతకం పెట్టాడు. ముందు బండి ఇంజన్ స్టార్టయింది, దాని వెనక రెండోది, మూడోది. గాలి విసిరింది. దిబ్బ మోగిందో లేదో ఇక వినపడలేదు.

"పో గజేందర్, నీ వంతు," అన్నాడు ఇక్రాముద్దీన్. "ఇరవై ఏండ్ల సంది నాకు చెవులున్నయనుకున్న."